కుసుమపూల సెలైన్: గ్వాంగ్‌జౌలో ఇరవై మూడు రోజులు

చైనా వెళ్ళొచ్చానంటే అందరూ ముందు ఆ గోడ గురించే అడుగుతారు. నేను గోడ చూడలేదు. గ్వాంగ్‌జౌ ఊరి మధ్యలో పెద్ద నది ఉందట, సాయంత్రాలు పడవల్లో తిప్పుతారట, అదీ చూడలేదు. నేను చూసింది ఒక ఆసుపత్రి నాలుగో అంతస్తు, ఐసీయూ ముందున్న హాలు, కింద ఒక సందు, ఆ సందులో ఒక గంజి దుకాణం, ఒక కషాయం దుకాణం. ఇరవై మూడు రోజులూ వాటి మధ్యే తిరిగాను. ఆ దేశం వెళ్ళనివాళ్ళకి చెప్పదగ్గది ఇంతలోనే చాలా ఉందనిపించి రాస్తున్నాను.

నా పేరు సువార్త. అనకాపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పద్నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సుని. మా తమ్ముడు ప్రభుదాసు సరుకు ఓడ మీద ఫిట్టరు. వాడి కోసమే వెళ్ళాను.

అనకాపల్లి

పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోను వచ్చింది. ముంబై నుంచి, ఓడ కంపెనీ మనిషి. సముద్రం మీద ఉండగా ప్రభుకి కడుపునొప్పి మొదలైందట. ఓడలో డాక్టరు ఉండడు. మాత్రలతో మూడు రోజులు నెట్టుకొచ్చారు. రేవు చేరేసరికి అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకిపోయింది. గ్వాంగ్‌జౌలో ఆపరేషను చేశారు, ఇప్పుడు వెంటిలేటరు మీద ఉన్నాడు. ఆ మనిషి ‘సెప్సిస్’ అన్న మాట దగ్గర ఆగి, అదేమిటో నాకు విడమరచి చెప్పబోయాడు. తెలుసునన్నాను.

తెలియనివాళ్ళకి చెబుతాను. ఇన్ఫెక్షను మీద పోరాడబోయి ఒళ్ళు అదుపు తప్పి తన అవయవాలనే పాడుచేసుకుంటుంది. బీపీ పడిపోతుంది, మూత్రం తగ్గిపోతుంది, ఊపిరి అందదు. పద్నాలుగేళ్ళలో అలాంటి మంచాలు ఎన్ని చూశానో లెక్కలేదు. ఆ రోజు నాకు ఆ మాట అర్థం కాకుండా ఉంటే బాగుండేది.

వాడి భార్య కుమారికి అప్పుడు ఎనిమిదో నెల. విమానం ఎక్కే స్థితి కాదు. గల్ఫ్‌లో నర్సు ఉద్యోగం కోసమని ఎప్పుడో తీయించిన పాస్‌పోర్టు మా ఇంట్లో నా ఒక్కదాని దగ్గరే ఉంది. ఆ ఉద్యోగం రాలేదు గాని పాస్‌పోర్టు మిగిలింది. పిల్లల్ని నేను చూసుకుంటాను, నువ్వు వెళ్ళు అన్నాడు మా ఆయన. వీసా, టికెట్ల గొడవంతా కంపెనీవాళ్ళే చూశారు, కాబట్టి అది రాయను.

బయల్దేరే రోజు కుమారి రాంబిల్లి నుంచి వాళ్ళన్నయ్యని తోడు తీసుకుని ఆటోలో వచ్చింది. ప్రభు లుంగీలు రెండు, ఒక దుప్పటి, చిన్న బెల్లం దిమ్మ సంచిలో సర్ది నా చేతికిచ్చింది. సంచి మూతి విప్పి, మళ్ళీ కట్టింది.

చివరికి, “వదినా, నేను బాగున్నానని సెప్పు. ఏడత్తన్నానని మాత్రం సెప్పకు” అంది.

కౌలాలంపూర్

విశాఖపట్నంలో ఎక్కి కౌలాలంపూర్‌లో దిగాను. తర్వాతి విమానానికి నాలుగు గంటలుంది. ఒక మూల కుర్చీలో కూర్చుని బైబిలు తెరిచాను గాని ఒక్క వాక్యమూ బుర్రకెక్కలేదు. పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ నా పుస్తకంలోని అక్షరాలు చూసి, “తెలుగేనా అమ్మా?” అంది.

ఆవిడ ఆ దేశపు మనిషే. వాళ్ళ తాత మన చోడవరం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వెళ్ళాడట. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ అక్కడే. తెలుగు రాయడం రాదు, మాట మాత్రం అచ్చం మా నాయనమ్మ మాటే. నేను ఎక్కడికి పోతున్నానో చెబితే విని, సంచిలోంచి అరటాకులో చుట్టిన కొబ్బరన్నం పొట్లం తీసింది. అందులో వేయించిన నెత్తళ్ళు, ఎర్రటి కారం ఉన్నాయి. నాకు ఆకలి లేదన్నాను.

“ఆకలి లేకపోయినా తిను. అక్కడికెళ్ళి నువ్వు పడిపోతే ఆడినెవరు సూత్తారు?” అంది.

తిన్నాను. ఇంట్లో ఫోను వచ్చాక సరిగ్గా తిన్నది అదే మొదటిసారి. ఆవిడ పేరు అడగడం మర్చిపోయాను.

గ్వాంగ్‌జౌ, మొదటి రోజు

ఓడ ఏజెంటు, యాభై దాటిన మనిషి, విమానాశ్రయం నుంచి నేరుగా ఆసుపత్రి గేటు దగ్గర దింపి, కారు పెట్టి వస్తాను లోపలికి పొండి అని చేత్తో చూపించాడు. నేను తప్పు భవనంలోకి వెళ్ళాను.

అది మందుల విభాగం. కాని మాత్రలు, సీసాలు ఏవీ లేవు. గోడ పొడవునా చిన్న చిన్న చెక్క సొరుగులు, వందల్లో. తెల్ల కోట్లు వేసుకున్నవాళ్ళు సొరుగులు లాగి వేర్లు, బెరళ్ళు, ఎండు పూలు తీసి చేతి త్రాసుల్లో తూచి కాగితాల మీద పోస్తున్నారు. అల్లం, దాల్చినచెక్క, అతిమధురం వాసనలు గుర్తుపట్టాను. అనకాపల్లి మెయిన్ రోడ్డులో పచారీ కొట్టు ముందు నిలబడ్డట్టుంది. జనం చీటీలు పట్టుకుని వరసలో ఉన్నారు. నేనూ తెలియక ఆ వరసలో కాసేపు నిలబడ్డాను. మా తమ్ముణ్ణి ఎక్కడికి తెచ్చి పడేశారు దేవుడా అనుకున్నాను. ఏజెంటు వెతుక్కుంటూ వచ్చి నన్ను రెండో భవనానికి తీసుకెళ్ళాడు.

నాలుగో అంతస్తులో ఐసీయూ చూశాక ఊపిరి తీసుకున్నాను. మా దగ్గరున్న యంత్రాలే, ఇంకా కొత్తవి. డాక్టర్ లిన్ అనే ఆవిడ బయటికొచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇంగ్లీషు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడుతుంది. నేను ఐసీయూ నర్సునని చెప్పగానే మాట తీరు మార్చి అంకెలు చెప్పింది. బీపీ నిలబెట్టే మందు ఎంత మోతాదులో పోతోందో, మూత్రం గంటకి ఎంత వస్తోందో, ఒంటికి ప్రాణవాయువు ఎంత తక్కువ అందుతోందో చెప్పే లాక్టేట్ రక్తంలో ఎంతుందో. విమానం టికెట్టు వెనక రాసుకున్నాను, ఒక్కటీ ఉండాల్సిన చోట లేదు. కడుపు ఉబ్బి ఉందని, పేగులు అసలు కదలడం లేదని చివర్లో చెప్పింది.

లోపలికి పంపరు. ఫోను తెర మీద చూపించారు. నోట్లో గొట్టంతో మా ప్రభు. ముఖం వాచిపోయి ఉంది. ఎడమ కనుబొమ్మ మీది మచ్చ చూసి వాడే అనుకున్నాను.

హాలు

ఐసీయూ ముందు హాల్లో ఇరవై ముప్పై మందిదాకా ఉంటారు. మా అనకాపల్లిలో అయితే వరండాలో చాపలు, టిఫిను క్యారేజీలు, దేవుడి ఫొటోలు, ఊరు ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ ఒక్కో మనిషికి ఒక్కరో ఇద్దరో. మడత కుర్చీలు, వేడినీళ్ళ ఫ్లాస్కులు. గట్టిగా ఏడ్చేవాళ్ళు లేరు. మధ్యాహ్నం మూడింటికి తలుపు తెరుచుకుని డాక్టర్లు బయటికొచ్చి, ఒక్కో కుటుంబాన్నీ పిలిచి కూర్చోబెట్టి చెబుతారు. నా పేరు వాళ్ళ నోటికి రాక సెక్యూరిటీ మనిషి “యిన్‌దూ” అని పిలిచేవాడు. ఇండియా అని అర్థం. నాలుగింటికి నర్సులు లోపల ఫోను పట్టుకుంటే అరగంటలో అందరూ వంతులవారీగా తమవాళ్ళని చూడొచ్చు, మాట్లాడొచ్చు.

నా పక్క కుర్చీ ఒక పెద్దావిడది. అరవై అయిదేళ్ళుంటాయి. పొట్టి జుట్టు, పూల చొక్కా. పెద్దవాళ్ళని ఇక్కడ ‘అయీ’ అని పిలవాలని ఏజెంటు చెప్పాడు, మనం పిన్నీ అన్నట్టు. ఆవిడ భర్త సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. షుగరు ఉంది. న్యుమోనియాతో వచ్చి ఇదే జబ్బులో పడ్డాడు. ఆయన మంచం ప్రభు మంచం పక్కదే.

మాకు ఒకరి భాష ఒకరికి రాదు. ఫోనులో అనువాదం చేసే యాప్ తెరిచి ఒకరి ముఖానికొకరు చూపించుకునేవాళ్ళం. అది తెలుగుని సరిగ్గా పట్టుకోలేదు. రెండో రోజు ఆవిడ ఏదో అడిగితే నా తెర మీద, “మీ తమ్ముడి పొట్ట ఈ రోజు మాట్లాడిందా?” అని వచ్చింది. పేగులు కదిలాయా అని ఆవిడ భావం. లేదని తల ఊపాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

నాలుగింటికి తన వంతు వచ్చినప్పుడు ఆవిడ భర్తతో ఆపకుండా మాట్లాడేది. ఆయనకి మత్తుమందు నడుస్తోంది, వినపడదు. అయినా నర్సు ఫోను స్పీకరు ఆయన చెవి దగ్గర పెట్టేది. బజారులో ఏం కొన్నదీ, పక్కింటివాళ్ళు ఏమన్నదీ, అన్నీ చెప్పేదట. నా వంతు వస్తే నేను మానిటరు చూపించమనేదాన్ని. అంకెలు చదువుకునేదాన్ని. వాడితో ఒక్క మాటా మాట్లాడలేదు.

గంజి, కషాయం

కింద సందులో గంజి దుకాణం ఉంది. బియ్యం మెత్తగా మాయమయ్యేదాకా ఉడికించి, ఉప్పులో ఊరవేసిన గుడ్డు ముక్కలు, అల్లం, ఉల్లికాడలు వేసి ఇస్తారు. మన డబ్బుల్లో డెబ్బై రూపాయలు. జ్వరమొస్తే మన ఇళ్ళల్లో పెట్టే గంజికి పెద్దన్నలాంటిది. వాళ్ళు జ్వరం లేకపోయినా పొద్దున్నే తింటారు. నోటు ఇస్తే దుకాణదారు చిల్లర లేదని చేతులు తిప్పింది. అక్కడ ముసలివాళ్ళు కూడా ఫోనుతోనే డబ్బు కడతారు. మొదటి పూట గంజి డబ్బు అయీయే కట్టింది. చల్లని మంచినీళ్ళు అడిగితే మాత్రం నన్నందరూ వింతగా చూశారు. ఆ ఊళ్ళో ఎండాకాలంలోనూ వేడినీళ్ళే తాగుతారు.

గంజి దుకాణం పక్కన ఇంకో కొట్టుంది. పెద్ద ఇత్తడి కూజాల్లో నల్లటి కషాయం, కప్పుల్లో పోసి అమ్ముతారు. ఆఫీసులకి పోయేవాళ్ళు, బండ్లవాళ్ళు, బడి టీచర్లు ఆగి నిలబడి తాగి వెళ్ళిపోతున్నారు. టీ అనుకుని ఒక్క గుక్కలో సగం తాగేశాను. నేలవేము కన్నా చేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొట్టావిడ నవ్వకుండా ఒక ఎండు రేగుపండు నా చేతిలో పెట్టింది.

మనవైపు కషాయం అంటే ఇంట్లో అమ్మమ్మలు కాచేది. డాక్టరు దగ్గర చెబితే తిడతాడని దాచిపెట్టేది. ఈ ఊళ్ళో అది రోడ్డు మీద ఉంది, ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. నాలుగో అంతస్తుకి కూడా ఎక్కుతుందని నాకు మర్నాడు తెలిసింది.

సంతకం

మూడో రోజు నన్ను ఒక గదిలోకి పిలిచారు. డాక్టర్ లిన్ పక్కన ఇంకొక డాక్టరు. జుట్టంతా నెరిసిన సన్నటి ఆవిడ, పేరు షెన్. ఆవిడది చైనా సంప్రదాయ వైద్యం. అప్పటికే లోపల ప్రభు మణికట్టు పట్టుకుని చాలాసేపు నాడి చూసిందట, గొట్టం పక్కనుంచి నాలుక చూసిందట. ఆవిడ చెప్పింది లిన్ నాకు ఇంగ్లీషులో చెప్పింది.

యాంటీబయాటిక్, వెంటిలేటరు, బీపీ మందు, అన్నీ అలాగే నడుస్తాయి. వాటికి తోడుగా మూడు పనులు చేద్దామంటున్నారు. కుసుమ పువ్వు, ఇంకో నాలుగు వేర్ల నుంచి తీసిన ఇంజెక్షను సెలైన్‌లో కలిపి రోజుకి రెండుసార్లు. పేగులు కదలడానికి రేవల్చిని వేరు కషాయం ముక్కు గొట్టంలోంచి. మోకాలి కింద రెండు చోట్ల సూదులు గుచ్చడం. వీటికి కుటుంబం ఒప్పుకోవాలి. కాగితం నా ముందు పెట్టారు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్పాలి. కొన్నేళ్ళ కిందట నాతవరం వైపు నుంచి ఒక రైతు మా ఐసీయూలో ఉండేవాడు. చెరుకు నరుకుతుంటే కాలికి తగిలిన దెబ్బతో ఈ జబ్బే వచ్చింది. ఒకరోజు ఆయన భార్య కొంగులో చిన్న సీసా దాచుకొచ్చి, ముక్కు గొట్టం మూత తీసి ఏదో ఆకు పసరు పోయబోయింది. చూసి చేతిలోంచి లాక్కున్నాను. హాలంతా వినబడేలా తిట్టాను. నీ మొగుణ్ణి నువ్వే చంపుకుంటావా అన్నాను. ఆయన రెండు రోజులకి పోయాడు, ఆ పసరు ఒక్క చుక్క కూడా లోపలికి పోకుండానే. నేను ఆపడం తప్పు కాదు. ఆ మాట అనడం తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ గదిలో కాగితం ముందు కూర్చున్నప్పుడు మాత్రం నాకు గుర్తొచ్చింది ఆ సీసా ఒక్కటే.

అడిగాను. ఇది పనిచేస్తుందని రుజువుందా?

డాక్టర్ షెన్ నన్నే చూస్తూ నెమ్మదిగా జవాబు చెప్పింది. లిన్ మాట మాటా అనువదించింది. “మేలు చేసిందని చెప్పిన పరిశోధనలున్నాయి. వాటిని నమ్మని డాక్టర్లూ ఉన్నారు, మా దేశంలోనే. నేను చాలామందికి ఇచ్చాను. కొందరు లేచారు, కొందరు లేవలేదు. మీ తమ్ముడికి పనిచేస్తుందని ప్రమాణం చెయ్యలేను. హాని కనిపిస్తే వెంటనే ఆపేస్తాను.”

ఇదే ఆవిడ కచ్చితంగా బతికిస్తానని చెప్పి ఉంటే నేను కాగితం తిప్పి ఇచ్చేసేదాన్ని.

అలర్జీ వస్తే ఏం చేస్తారో అడిగాను. యాంటీబయాటిక్‌తో కలిస్తే ఏమవుతుందో అడిగాను. రెండింటికీ సూటిగా చెప్పారు. వాడి భార్యని అడగాలి, అరగంట టైమివ్వండి అని బయటికొచ్చి కుమారికి ఫోను చేశాను. అక్కడ పొద్దున్న ఎనిమిదవుతోంది. అంతా చెప్పాను, నాకు నమ్మకం లేదని కూడా చెప్పాను.

“ఆళ్ళు మన మందులు ఆపేత్తారేటి వదినా?” అంది.

“ఆపరు. దానికి తోడు ఇది.”

“నువ్వయితే ఏటి సేత్తావు?”

నర్సునని అడుగుతోందా, ప్రభు అక్కనని అడుగుతోందా అని తేల్చుకోలేక, “నాకు తెలీడం లేదు కుమారీ” అన్నాను. ఆ మాట నా నోటి నుంచి కుమారి ఎప్పుడూ వినలేదు.

“నీకే తెలీకపోతే మనకెవలికీ తెలీదు. ఆవిడ అబద్దం సెప్పలేదంతన్నావు గదా. ఎట్టేయి వదినా సంతకం” అంది.

పెట్టాను.

మంచం దగ్గర

నర్సునని తెలుసు కాబట్టి మర్నాడు పది నిమిషాలు లోపలికి రానిచ్చారు. గౌను, టోపీ వేసుకుని వాడి పక్కన నిలబడ్డాను. యాంటీబయాటిక్ అయిపోగానే అక్కడి నర్సు గొట్టాన్ని ఉప్పునీళ్ళతో పూర్తిగా కడిగి, అప్పుడు గోధుమరంగు సెలైన్ తగిలించింది. పలచటి టీ డికాషను రంగు. చుక్కలు లెక్కపెట్టి వేగం సరిచేసింది. అయిపోయాక మళ్ళీ కడిగింది. ఆ పద్ధతి చూసి నా గుండె కొంచెం కుదుటపడింది. డాక్టర్ షెన్ వచ్చి వాడి మోకాలి కింద వేలితో తడిమి, జుట్టు వెంట్రుకంత సూది దించి, రెండు వేళ్ళతో మెల్లగా తిప్పింది. వాడి కాలి బొటనవేలు కదల్లేదు.

పక్క మంచం మీద బస్సు డ్రైవరుగారికీ అదే రంగు సెలైన్ వేలాడుతోంది.

అయిదో రోజు

ఆ రోజు మూడింటికి లిన్ ముఖం చూసే గ్రహించాను. జ్వరం మళ్ళీ నూటమూడు. బీపీ మందు పెంచారు. స్కాను తీస్తే కడుపులో ఒక పక్క చీము ఇంకా నిలిచి ఉందట. అదే రోజు స్కానులో చూస్తూ సూదితో గొట్టం దించి చీము బయటికి తీశారు. ఏ సూక్ష్మజీవో ల్యాబులో తేలింది, యాంటీబయాటిక్ మార్చారు. కిడ్నీలు పూర్తిగా ఆగితే డయాలసిస్‌కి ఒప్పుకుంటారా అని అడిగారు. అన్నిటికీ ఊఁ అన్నాను.

హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చుంటే ఏడుపు ఆగలేదు. అంతమంది మధ్య గట్టిగా ఏడ్చింది నేనొక్కదాన్నే. అయీ యాప్ తియ్యలేదు. ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి నా చేతుల మధ్య పెట్టి, నేను తాగేదాకా ఆ మూత అడుగున తన చెయ్యి ఆనించి ఉంచింది. సంచిలోంచి బెల్లం దిమ్మ తీసి ఆవిడకి ఒక ముక్క విరిచి ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు. ఆవిడ నోట్లో వేసుకుని ఆశ్చర్యంగా చూసింది. వాళ్ళ వైపూ చెరుకు పండుతుందట, ఇలాంటిదే పలకలుగా చేసి అమ్ముతారట. మర్నాడు ఒక పలక తెచ్చి చూపించింది. మనదానికన్నా గట్టిగా, కొంచెం తక్కువ తీపిగా ఉంది.

ఏడో రోజు నుంచి

ఏడో రోజు మూడింటికి లిన్ నవ్వుతూ వచ్చింది. పొద్దున్న వాడికి విరేచనమైంది. బయటివాళ్ళకి ఇది నవ్వులాటగా ఉండొచ్చు. ఆ హాల్లో అది పండగ కబురు. అయీ యాప్ కోసం చూడకుండా నా ముఖం చూసి, తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. అవునని తలూపాను. ఆవిడ రెండు చేతులూ చరిచింది.

తర్వాత ఒక్కొక్కటే తేలింది. బీపీ మందు సగమైంది, తర్వాత ఆగిపోయింది. మూత్రం పెరిగింది. డయాలసిస్ అవసరం పడలేదు. పదో రోజు నోట్లో గొట్టం తీశారు. పన్నెండో రోజు వాణ్ణి పై అంతస్తు వార్డుకి మార్చారు.

ఏది పనిచేసింది? లిన్‌ని అడిగాను. చీము తియ్యడం, సరైన యాంటీబయాటిక్, ఈ రెండూ లేకపోతే బతికేవాడు కాదని నమ్ముతానంది. పేగులు అంత తొందరగా కదలడంలో షెన్ చెయ్యి ఉందని తనకనిపిస్తోందంది. “కాని ఒక్క మనిషిని చూసి చెప్పలేం” అంది. డాక్టర్ షెన్‌ని అడిగితే భుజాలు కొంచెం ఎత్తి, వయసులో ఉన్నవాడు, అదీ ఒక మందే అంది.

వార్డులో మొదటి రోజు ప్రభు గొంతు పూర్తిగా బొంగురు. ముందు కుమారి సంగతి అడిగాడు. బాగుందన్నాను. నీళ్ళు అడిగాడు. తాగాక పైకప్పు వైపు చూస్తూ, “అక్కా, లోపల ఎవలో ఒకావిడ రోజూ మాటాడీది. బాస తెలీదు. ఎంతసేపో మాటాడీది. నాతోనే అనుకున్నాను” అన్నాడు.

అది పక్క మంచం ఆయన భార్య అని చెప్పాను.

“ఆ మాట కోసం సూసీవోణ్ణి. రాకపోతే బయమేసీది” అన్నాడు.

పది రోజులు నాలుగింటికి నాకూ వంతు వచ్చింది. పది రోజులూ నేను వాడికి వినిపించింది మానిటరు చప్పుడే.

అయీ

పదమూడో రోజు పొద్దున్న నేను వార్డు నుంచి కింద హాల్లోకి దిగేసరికి అయీ కుర్చీ ఖాళీగా ఉంది. మడిచి గోడకి ఆనించి ఉంది. సెక్యూరిటీ మనిషి నన్ను చూసి మెల్లగా తల అడ్డంగా ఊపాడు. బస్సు డ్రైవరుగారు తెల్లవారాక పోయారు. అవే యాంటీబయాటిక్‌లు, అదే రంగు సెలైన్, అదే డాక్టరు సూదులు. ఆయన లేవలేదు.

నేను పైకి వచ్చేశాను. ఆవిడని వెతుక్కుంటూ వెళ్ళే ధైర్యం లేకపోయింది. మా వాడు బతికాడన్న ముఖం పెట్టుకుని ఆవిడ ముందు ఎలా నిలబడటం?

పదకొండింటికి వార్డు తలుపు దగ్గర అలికిడైతే చూశాను. ఆవిడే. పూల చొక్కా బదులు ముదురు నీలం చొక్కా. చేతిలో పెద్ద ఫ్లాస్కు. లేచి వెళ్ళాను. ఫోను తీసి టైపు చేసి చూపించింది. యాప్ తెలుగు ఆ రోజు తిన్నగానే వచ్చింది.

“ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేటప్పటికి సూప్ పొయ్యి మీద ఉంది. నాలుగు గంటలు కాచాను. ఇంటి దగ్గర తినేవాళ్ళు లేరు.”

ఎముకలు, ఎండు రేగుపళ్ళు, ఏవో వేర్లు వేసి కాచిన పలచటి సూప్. వార్డు నర్సుని అడిగితే రెండు చెంచాలు పట్టొచ్చంది. ఆవిడ మంచం పక్కన కూర్చుని తనే చెంచాతో ప్రభుకి పట్టింది. ఆపకుండా ఏదో చెబుతూ పట్టింది. ప్రభు ఆ గొంతు గుర్తుపట్టి నా వైపు చూశాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, ఆవిడ మాట అయ్యేదాకా చూపు తిప్పలేదు. ఆయన పోయారని అప్పుడు వాడికి తెలియదు. ఆవిడ వెళ్ళాక చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మళ్ళీ అనకాపల్లి

ఇరవై మూడో రోజు విమానమెక్కి, మర్నాడు ఇద్దరం విశాఖపట్నంలో దిగాం. ప్రభు పద్దెనిమిది కిలోలు తగ్గాడు. కడుపు మీద నిలువునా కుట్ల మచ్చ. ఇప్పుడు రాంబిల్లిలో ఉన్నాడు. మెల్లగా నడుస్తున్నాడు, ఓడ ఎక్కుతాడో లేదో ఇంకా తెలియదు. కుమారికి ఆడపిల్ల పుట్టింది.

డ్యూటీకి వెళ్ళిన మొదటి రోజు మా వాళ్ళంతా చుట్టూ చేరారు. ఆ చైనా ఇంజెక్షనే బతికించిందటగా అన్నారు. నాకు తెలియదన్నాను. పక్కపక్క మంచాల మీద ఇద్దరికీ అదే ఇచ్చారు, ఒకరు లేచారు, ఒకరు పోయారు అన్నాను. వాళ్ళకి ఆ జవాబు నచ్చలేదు. మా పెద్ద డాక్టరుగారు మాత్రం కషాయం గురించి, పేగుల గురించి వివరంగా అడిగి కాగితం మీద రాసుకున్నారు. మన దగ్గర అది ఇవ్వడానికి లేదు, చూద్దాం అన్నారు.

ఆ వారంలోనే కశింకోట నుంచి ఒక పేషెంటు వచ్చాడు. కిడ్నీ ఇన్ఫెక్షను ముదిరి సెప్సిస్. వెంటిలేటరు, బీపీ మందు. ఆయన భార్య వరండాలో రెండు రోజులుగా ఒకచోటే కూర్చుని ఉంది. నేను బయటికి వెళ్తుంటే లేచి, “అమ్మా, మా ఆయన బతుకుతాడేటి?” అంది.

ఇన్నేళ్ళూ ఈ ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. డాక్టరుగారు చెబుతారు అని నడిచిపోయేదాన్ని. ఆ రోజు ఆవిడ పక్కన కూర్చున్నాను. తెలీదమ్మా అన్నాను. లోపల ఏమేం మందులిస్తున్నామో, ఏది ఎందుకో ఒక్కొక్కటే చెప్పాను. డాక్టరుగారిని అడిగి, గౌను తొడిగి ఆవిడని లోపలికి తీసుకెళ్ళాను.

మంచం దగ్గర ఆవిడ బిగుసుకుపోయింది. యంత్రాల వైపు, గొట్టాల వైపు చూస్తోంది. మాట్లాడమన్నాను.

“ఇనపడతాదేటమ్మా?”

“పడొచ్చు. పడకపోనూ వచ్చు. చెవి దగ్గర చెప్పు.”

ఆవిడ మంచం కమ్మీ పట్టుకుని వంగింది.

“ఇదిగో, నేనే వచ్చేను. చెరుకు మిల్లుకి తోలించేసేను. తమ్ముడు దగ్గరుండి తోలించేడు. తెల్లావు ఈనింది, పెయ్య. నువ్వు బెంగెట్టుకోకు. రేపు మళ్ళీ వత్తాను.”

నేను మానిటరు వైపు చూడలేదు. వెనక్కి జరిగి మంచం చుట్టూ ఉన్న గుడ్డ తెర దగ్గరగా లాగాను.